ఆనకట్ట, కాలువలు, కంప్యూటరు కిటికీ

విజయవాడ వద్ద ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ కృష్ణానదిని చూచినవారికి ఒక సంగతి వెంటనే గోచరించును. నీరు ఒకచోట నిలుపబడినది. దానిని వాడుకొనువారు మాత్రము డెల్టా అంతటను చెదరియున్నారు. 1852లో ఆరంభమై 1855లో పూర్తియైన పాత ఆనకట్టయు, దాని స్థానమున 1957లో ప్రారంభమైన ప్రకాశం బ్యారేజియు చేసిన పని యొక్కటే: నీటిమట్టమును పైకెత్తి కాలువలలోనికి మళ్ళించుట. ఎడమగట్టున బందరు, ఏలూరు, రైవసు కాలువలు. కుడిగట్టున కొమ్మమూరు కాలువ. రైతు నీటికొరకు బెజవాడ వరకు పోనక్కరలేదు. అతని పొలము దగ్గర తూము ఉన్నది. ఆ తూమును చూచుకొను లస్కరు ఉన్నాడు.

కంప్యూటరులను పనికి వినియోగించుటలోను ఇట్టి యేర్పాటే యొకటి కలదు. సమాచారము నంతటిని ఒకచోట భద్రపరచి, అడిగినవారికి అందించు యంత్రమును సర్వరు అందురు. ఉద్యోగి బల్లమీది కంప్యూటరులో నుండి, ఆ సర్వరును అడిగి, వచ్చిన జవాబును తెరపై చూపు ప్రోగ్రామును క్లయింటు అందురు. వకీలు వద్దకు వచ్చు కక్షిదారునకు ఇంగ్లీషులో గల పేరే ఇది. సర్వరును ఆనకట్టగను, తంతిని కాలువగను, క్లయింటును తూముగను భావింపవచ్చును. అయితే పోలిక ఒకచోట చెల్లదు. కాలువలో నీరు ఒకవైపునకే పారును. తంతిలోనో ప్రశ్న ఒకవైపునకును, జవాబు రెండవవైపునకును పోవును. క్లయింటు క్రొత్త సమాచారమును సర్వరునకు చేర్చును గూడ.

ఇట్టి క్లయింటు ప్రోగ్రామును రచింపబూనినవారు మొట్టమొదటి రోజున చేయు పని యేమి? ఆ పని నేటి సౌలభ్యమునకు వచ్చుటకు ఎన్నియేండ్లు పట్టినది? ఆ మొదటి గంటలో చేయు నిర్ణయములు ఎంతకాలము నిలుచును? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు తెలిసికొన్నచో, విజయవాడ నగరమున 1998–99 సంవత్సరములలో జరిగిన ఒక ప్రయత్నముయొక్క ప్రాముఖ్యము చక్కగా బోధపడును.

ప్రాజెక్టు అననేమి?

ప్రోగ్రాము అనునది కంప్యూటరునకు ఇచ్చు ఆజ్ఞల వరుస. దానిని మనుష్యుడు తనకు అర్థమగు ఒక కృత్రిమ భాషలో వ్రాయును. ఆ వ్రాతను యంత్రభాషలోనికి మార్చు మరియొక ప్రోగ్రామునకు కంపైలరు అని పేరు. చిన్న లెక్క చేయు ప్రోగ్రాము ఒక్క ఫైలులో ఇమిడిపోవును. కాని కిటికీలు, మీటలు, బొమ్మలు గలిగి సర్వరుతో మాటలాడు ప్రోగ్రామునకు పదులకొలది, ఒక్కొక్కప్పుడు వందలకొలది ఫైలులు కావలసివచ్చును. ఒకదానిలో కిటికీ ఆకారము, ఒకదానిలో మీట నొక్కినప్పుడు జరుగవలసిన పని, ఒకదానిలో చిత్రములు, ఒకదానిలో సర్వరు చిరునామా ఉండును. ఈ ఫైలులన్నియు ఏవేవి, ఏ వరుసలో కూర్పవలెను, ఎవరు వ్రాసిన ఏ ఉపకరణములు వీనికి తోడు కావలెను అను వివరముల పట్టిక గూడ ఒకటి యుండవలెను. ఈ మొత్తమునకే ప్రాజెక్టు అని పేరు. ఇల్లు కట్టుటకు ముందు మేస్త్రి వేసికొను ముగ్గు, ఇటుకల లెక్క, పనివారి పట్టిక, ఇవన్నియు ఒక్క సంచిలో నుండుట వంటిది ఇది.

ఈ ప్రాజెక్టును తయారుచేయుటకును, వ్రాతపనికిని, కంపైలరును నడుపుటకును, తప్పులు పట్టుటకును కావలసిన పనిముట్లన్నియు ఒకేచోట అమర్చిన ప్రోగ్రామును రచనా కార్యశాల యనవచ్చును. నేటి విద్యార్థి దానిని తెరచి, “క్రొత్త ప్రాజెక్టు” అను మీటను నొక్కి, పేరు వ్రాసి, అంగీకారము తెలిపినచో, కొద్ది క్షణములలో తెరపై ఒక ఖాళీ కిటికీ ప్రత్యక్షమగును. విద్యార్థి ఒక్క అక్షరమైనను వ్రాయకముందే అది కదలును, పెద్దదగును, మూసికొనును. ఈ క్షణకాలపు సౌకర్యము వెనుక ముప్పది నలుబది సంవత్సరముల శ్రమ యున్నది.

రంధ్రములు గల కార్డుల కాలము

మన దేశమున కంప్యూటరులు 1950–60 దశకములో కాలుపెట్టినవి. బొంబాయిలోని టాటా ఫండమెంటల్ పరిశోధన సంస్థలో నిర్మింపబడిన టిఫ్రాక్ 1960లో పూర్తిగా పనిలోనికి వచ్చినది. 1963లో కాన్పూరు ఐ.ఐ.టి.లో ఐ.బి.ఎం. 1620 యంత్రము నెలకొల్పబడి, విద్యార్థులకు ఫోర్ట్రాన్ భాష నేర్పుట ఆరంభమైనది. ఆ కాలమున ప్రోగ్రాము రచయితకు తెరయు లేదు, మీటల పలకయు బల్లమీద లేదు. ఆజ్ఞలను కాగితముమీద వ్రాసి, ఒక్కొక్క ఆజ్ఞకు ఒక్కొక్క కార్డు చొప్పున రంధ్రములు వేయించి, ఆ కార్డుల కట్టను యంత్రశాలలో ఒప్పగించి, ఫలితమునకై గంటలకొలది, ఒక్కొక్కచో మరునాటి వరకు వేచియుండవలెను. ఒక్క కామా తప్పినచో ఫలితమునకు బదులు తప్పుల పట్టిక చేతికి వచ్చెడిది. కట్ట చేతినుండి జారి కార్డులు కలగాపులగమైనచో ప్రాజెక్టు చెదరినట్లే.

తెలుగుసీమలో ఈ విద్యకు గట్టి పునాది హైదరాబాదున పడినది. 1967లో స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అనగా ఇ.సి.ఐ.ఎల్., 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును వెలువరించెను. ఆ సంస్థ స్థాపనకు మూలపురుషుడైన డాక్టరు అయ్యగారి సాంబశివరావు పశ్చిమగోదావరి జిల్లా మోగల్లు గ్రామమున 1914లో జన్మించినవారు.

కార్డులు పోయి టెలిటైపులు, తెరలు వచ్చిన పిమ్మట వ్రాయుట తేలికయైనది గాని, కూర్చుట తేలిక కాలేదు. ఫైలు మార్చినవారు దానిని తిరిగి కంపైలు చేయుట మరచినచో, పాత తప్పే మరల మరల కనిపించెడిది. అమెరికాలో బెల్ ప్రయోగశాలలో నొక శాస్త్రజ్ఞుడు తాను ఎప్పుడో సరిదిద్దిన తప్పును వెదకుచు ఒక ఉదయమంతయు వృథాచేసికొనెను. సరిదిద్దిన ఫైలును తిరిగి కూర్పకపోవుటయే కారణము. ఆ గోడు విన్న స్టూవర్టు ఫెల్డ్‌మన్ 1976లో “మేక్” అను ప్రోగ్రామును రచించెను. ఏ ఫైలు దేనిపై ఆధారపడియున్నదో ఒక పట్టికలో వ్రాసిపెట్టినచో, మారినవానిని మాత్రమే మేక్ తిరిగి కూర్చును. నేటి ప్రాజెక్టు ఫైలునకు ఇదియే ముత్తవ్వ.

ఈ మేక్ కథలో ఒక నీతి యున్నది. ఆ పట్టికలో ఆజ్ఞల పంక్తులు టాబ్ అను గుర్తుతోనే మొదలుకావలెనని ఫెల్డ్‌మన్ తొలుత ఏర్పరచెను. టాబ్‌నకును మామూలు ఖాళీకిని కంటికి భేదము కనబడదు. కావున అది తప్పులకు తావిచ్చు నియమము. ఆ సంగతి ఆయనకు త్వరలోనే తెలిసినది. కాని అప్పటికే దానిని పదిపన్నెండుమంది వాడుచుండిరి. వారిని ఇబ్బంది పెట్టనేల యని ఆయన మార్పు మానుకొనెను. నేడు ప్రపంచమంతట ఎందరో రచయితలు ఆ నియమముతోనే తంటాలు పడుచున్నారు. తొలినాటి నిర్ణయము ఎంత చిన్నదైనను, దాని ఆయుర్దాయము చిన్నది కాదు.

ఊరేగింపు పోయి దుకాణము వచ్చుట

1983 నవంబరులో బోర్లండ్ అను అమెరికా సంస్థ టర్బో పాస్కల్ అను కార్యశాలను 50 డాలర్లకు ఐదు సెంట్లు తక్కువగా విక్రయించెను. దానికి మూలమైన కంపైలరును రచించినవాడు డెన్మార్కు దేశీయుడగు ఆండర్స్ హైల్స్‌బర్గ్. వ్రాయుట, కంపైలు చేయుట, నడుపుట అను మూడు పనులును ఒక్క తెరమీదనే, క్షణములలో జరుగునట్లు చేయుట దాని విశేషము. తప్పు ఎక్కడ దొరలినదో ఆ పంక్తివద్దకే గుర్తు పోయి నిలిచెడిది. కార్డులనాడు మరునాటికిగాని తెలియని తప్పు ఇప్పుడు మరుక్షణమే తెలియవచ్చెను. కళాశాల విద్యార్థులకు ఇట్టి కార్యశాల గొప్ప వరమైనది. విజయవాడ శివారు కానూరులో 1977లో స్థాపితమైన వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల ఉమ్మడి ఆంధ్రప్రదేశమున తొలి ప్రయివేటు ఇంజనీరింగు కళాశాల యగుటచేత, ఈ విద్య డెల్టా యువకులకు ఇంటిచెంతకే వచ్చినది.

ఇంతలో తెర స్వరూపమే మారినది. 1973లో జిరాక్స్ సంస్థ కాలిఫోర్నియా పరిశోధనాలయమున ఆల్టో అను యంత్రము తయారైనది. తెరపై కిటికీలు తెరచుట, చేతిక్రింది మౌసుతో గుర్తులను చూపి ఎన్నుకొనుట అను పద్ధతులు ఆ యంత్రముపై రూపుదిద్దుకొనినవి. 1984లో మెకింటాష్, 1985లో మైక్రోసాఫ్టు విండోస్ ఆ పద్ధతిని సామాన్యుని బల్లమీదికి తెచ్చినవి.

దీనితో ప్రోగ్రాము రచనలో ఒక మౌలికమైన మార్పు వచ్చెను. పాత ప్రోగ్రాము ఊరేగింపు వంటిది. ముందు మేళము, వెనుక పల్లకి, ఆపై జనము. వరుస ముందే నిర్ణీతము. కిటికీ ప్రోగ్రామో దుకాణము వంటిది. దుకాణదారుడు తలుపు తెరచి కూర్చుండును. ఏ గిరాకి ముందు వచ్చునో, ఏమడుగునో అతనికి తెలియదు. అడిగినప్పుడు అడిగిన వస్తువు నిచ్చును. అట్లే కిటికీ ప్రోగ్రాము గూడ వేచియుండి, మౌసు నొక్కినప్పుడొక పని, అక్షరము కొట్టినప్పుడొక పని చేయవలెను. ఇట్టి ప్రోగ్రామును మొదటినుండి చేతితో వ్రాయుట మిక్కిలి కష్టము. ఖాళీ కిటికీని చూపుటకే పదులకొలది పంక్తులు వ్రాయవలసివచ్చెడిది.

ఈ కష్టమును తొలగించినది 1991 మే నెలలో విడుదలయైన విజువల్ బేసిక్. ఆలన్ కూపర్ అను రచయిత రూపొందించిన చిత్రపద్ధతిని మైక్రోసాఫ్టు సంస్థ బేసిక్ భాషతో జోడించెను. రచయిత మీటలను, పెట్టెలను మౌసుతో లాగి కిటికీపై అమర్చుకొనును; ఒక మీటపై రెండుసార్లు నొక్కినచో ఆ మీట చేయవలసిన పని వ్రాయుటకు తావు తెరచుకొనును. 1995లో బోర్లండ్ వారి డెల్ఫై ఆ మార్గముననే వచ్చెను. పలుభాషల పనిముట్లను ఒకచోట చేర్చిన విజువల్ స్టూడియో 1997లో వెలువడెను. క్రొత్త ప్రాజెక్టునకు కావలసిన ఫైలులను కార్యశాలయే సృష్టించియిచ్చు అచ్చులు, అనగా టెంప్లేటులు, ఈ దశకములో సామాన్యమైనవి.

విజయవాడలో వాయిస్

ఇట్టి పనిముట్లు దేశమంతట వ్యాపించుచున్న కాలముననే విజయవాడ నగరపాలక సంస్థ ఒక సాహసమునకు పూనుకొనెను. 1888లో పురపాలక సంఘముగా నేర్పడి, 1981లో నగరపాలక సంస్థగా మారిన ఆ కార్యాలయమునకు నిత్యము వచ్చు జనులు అనేకులు. ఒకరికి బిడ్డ జనన ధ్రువపత్రము కావలెను. మరియొకరికి తండ్రి మరణ ధ్రువపత్రము. వేరొకరికి ఇల్లు కట్టుకొనుటకు అనుమతి. ఇంటిపన్ను, నీటిపన్ను, మురుగునీటి పన్ను చెల్లించువారు వేరు. కాగితపు రిజిస్టరులతో పని నడుచుచోట, కావలసిన పుట ఏ గదిలోనున్నదో, ఆ గది గుమాస్తా ఎప్పుడు వచ్చునో అనునదే పౌరుని భాగ్యమును నిర్ణయించును.

“విజయవాడ ఆన్‌లైన్ ఇన్ఫర్మేషన్ సెంటర్” అను పేరుతో, పొట్టిగా “వాయిస్” అని పిలువబడిన పథకము 1998 జూనులో మొదలై 1999 డిసెంబరునాటికి పూర్తియైనది. పౌరులకు సమీపముగా ఐదు సేవాకేంద్రములు ఏర్పడినవి. అవి నగరపాలక కార్యాలయములోని విభాగములతో విశాలమైన తంతివ్యవస్థచే కలుపబడినవి. జనన, మరణ ధ్రువపత్రములు, భవన నిర్మాణ అనుమతులు, పన్నుల చెల్లింపులు ఆ కేంద్రములనుండి జరుగసాగెను. సేవలు జనులకు దగ్గరయైనవనియు, అవినీతికి తావు తగ్గినదనియు, సంస్థ ఆదాయస్థితి మెరుగుపడినదనియు ప్రపంచబ్యాంకు ఈ పథకమును ఉదాహరణముగా పేర్కొనెను. ఆ కాలముననే, 1998 నవంబరు 4న, రాష్ట్రములోని సబ్‌రిజిస్ట్రారు కార్యాలయములలో దస్తావేజుల రిజిస్ట్రేషనును కంప్యూటరునకు ఎక్కించిన “కార్డ్” పథకము ప్రారంభమైనది.

సేవాకేంద్రములో ఉద్యోగి తెరపై కనబడునది తూము మాత్రమే. సమాచారపు ఆనకట్ట వేరొకచోట నున్నది. ఇట్టి పథకమునకు క్లయింటు ప్రాజెక్టును తెరచునాడు రచయితలు కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పుకొనక తప్పదు. సర్వరుతో తంతి తెగినచో కిటికీ ఏమి చేయవలెను? ఒకే ఇంటిపన్నును ఇద్దరు ఒకే క్షణమున రెండు కేంద్రములలో చెల్లింపబోయినచో ఎట్లు? పేరునకు ఎన్ని అక్షరముల చోటు? సంవత్సరమునకు ఎన్ని అంకెలు?

చివరి ప్రశ్న చిన్నదిగా తోచును. కాని వాయిస్ పూర్తియైన మాసము 1999 డిసెంబరు. అప్పుడు ప్రపంచమంతయు ఆ ఒక్క ప్రశ్నతోనే నిద్రలేక యుండెను. వెనుకటి దశకములలో స్థలమును పొదుపుచేయుటకై ఎందరో రచయితలు సంవత్సరమును రెండంకెలతో, అనగా 1975ను 75 అని వ్రాసిరి. 1999లో పుట్టిన శిశువు వయస్సును 2000లో అట్టి ప్రోగ్రాము లెక్కించినచో, 00లోనుండి 99 తీసివేయగా ఋణ 99 సంవత్సరములని వచ్చును. రెండంకెలు చాలునని మొదటినాడు చేసిన నిర్ణయమును సరిదిద్దుటకు అనేక దేశములు అపారమైన ధనమును, కాలమును వెచ్చింపవలసివచ్చినది.

పేరులో ఒక అక్షరము

మూడవ ప్రశ్న, అనగా పేరునకు ఎంత చోటు, తెలుగువారికి మరింత ముఖ్యమైనది. కంప్యూటరు అక్షరములను అంకెలుగా భద్రపరచును. ఏ అక్షరమునకు ఏ అంకె అను ఒప్పందము లేనిచో ఒకరు వ్రాసినది మరియొకరు చదువలేరు. భారతీయ లిపుల కొరకు ఇస్కీ అను ప్రమాణము ఏర్పడి, 1991లో భారత ప్రమాణముగా వెలువడెను. ఆ సంవత్సరముననే ప్రపంచ భాషలన్నిటికి ఉద్దేశింపబడిన యూనికోడు తొలిసంపుటి ప్రకటింపబడి, అందు తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి.

అయినను అచ్చుపనిలో చాలకాలము వేరుదారి నడచినది. తెలుగు ఫాంటులు అనేకము ఇంగ్లీషు అక్షరముల అంకెలనే వాడుకొని, వానిస్థానమున తెలుగు ముక్కల బొమ్మలను చూపెడివి. కంటికి “క” కనిపించును గాని, యంత్రము దృష్టిలో అది వేరొక గుర్తు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరచినచో అంతయు అర్థములేని గీతలే. అట్లు కూర్చిన పుస్తకములను నేడు వెదకుటకు, తిరిగి ముద్రించుటకు ముందు యూనికోడులోనికి మార్చుకొనవలసివచ్చుచున్నది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి. గౌతమి ఫాంటుతో తెలుగును తానుగా చూపగలిగినప్పటినుండి సామాన్యపు బల్లమీది ప్రోగ్రామునకు యూనికోడు మార్గము సుగమమైనది.

ఇక చోటు లెక్క చూడవలెను. యూనికోడు గుర్తులను భద్రపరచుటకు విరివిగా వాడు యు.టి.ఎఫ్.-8 పద్ధతి 1992లో కనుగొనబడినది. అందు ఇంగ్లీషు అక్షరము ఒక్కొక్కటి ఒక బైటులో ఇముడును. తెలుగు గుర్తునకు మూడు బైటులు కావలెను. విజయవాడ పేరును ఇంగ్లీషులో వ్రాసినచో పది అక్షరములు, పది బైటులు. తెలుగులో వ, గుడి, జ, య, వ, దీర్ఘము, డ అని ఏడు గుర్తులు. ఏడు మూళ్ళు ఇరువదియొకటి బైటులు. పేరునకు 20 బైటులు చాలునని ప్రాజెక్టు మొదటిదినమున నిర్ణయించిన రచయిత ఇంగ్లీషులో పరీక్షించి తృప్తిపడును. తెలుగులో వ్రాసిననాడు “డ” యొక్క మూడవ బైటు గట్టుదాటి పొరలిపోవును. కొన్ని ప్రోగ్రాములు దానిని నిరాకరించును. కొన్ని నిశ్శబ్దముగా తెగగొట్టును. రెండవది మరింత ప్రమాదకరము. ఏలయన, జనన ధ్రువపత్రములో తెగిన పేరు పదవతరగతి పరీక్షకు దరఖాస్తు పెట్టుకొను దినము వరకు ఎవరి కంటను పడకపోవచ్చును. తప్పు జరిగిన గంటకును, బాధ కలిగిన గంటకును నడుమ పదునైదు సంవత్సరములు!

పనిముట్టు ఆయువు, రికార్డు ఆయువు

మరియొక ప్రశ్న: ఏ కార్యశాలను ఎన్నుకొనవలెను? 1998లో విజువల్ బేసిక్ ఆరవ సంచిక వెలువడి, దేశమంతట కార్యాలయ ప్రోగ్రాములకు ప్రియమైనది. 2008 ఏప్రిలులో ఆ కార్యశాలకు తయారీదారుల సహాయము ముగిసినది. హైదరాబాదున 1998లో నెలకొల్పబడిన మైక్రోసాఫ్టు అభివృద్ధి కేంద్రమున విజువల్ జె షార్ప్ అను కార్యశాల రూపొందినది. విజువల్ స్టూడియో 2005 తరువాతి సంచికలలో దానికి చోటు లేకపోయినది. ప్రేగు నగరమున 1996లో విద్యార్థులు ఆరంభించిన నెట్‌బీన్సు, ఐ.బి.ఎం. సంస్థ 2001లో బహిరంగపరచిన ఎక్లిప్సు చేతులు మారి, యాజమాన్యములు మారి మనుగడ సాగించినవి. పౌరసేవలు గూడ 2001లో హైదరాబాదున మొదలైన ఇ-సేవ, 2011లో మొదలైన మీసేవ వంటి పథకములద్వారా క్రమముగా బల్లమీది ప్రోగ్రాములనుండి బ్రౌజరులోనికి తరలినవి.

పనిముట్టు ఆయువు పదియో పదునైదో సంవత్సరములు. జనన మరణముల రికార్డు ఆయువు తరములు. కనుకనే అనుభవజ్ఞులు ప్రాజెక్టును తెరచునప్పుడు కొన్ని నియమములు పాటింతురు. కిటికీ అలంకరణను, లెక్కలుచేయు భాగమును, సర్వరుతో మాటలాడు భాగమును వేర్వేరు ఫైలులలో ఉంచుదురు. ఒకటి మారినను తక్కినవి చెడవు. సర్వరు చిరునామాను ప్రోగ్రాము మధ్యలో వ్రాయక, విడి ఫైలులో వ్రాయుదురు. ఖాళీ కిటికీ తెరచుకొనిన మరుక్షణముననే, ఇంక ఏమియు వ్రాయకముందే, ప్రాజెక్టు ప్రతిని భద్రపరతురు. దీనికై 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రచించిన గిట్ వంటి ఉపకరణములు కలవు. అవి ప్రతి మార్పును తేదీతో, పేరుతో చిట్టాలో వ్రాసియుంచును. తప్పు చేసినచో నిన్నటి స్థితికి పోవచ్చును. కార్డుల కట్ట జారిపడిననాటి భయము దీనితో తీరినది.

తరగతిగదిలో ఒక ప్రయోగము

ఉపాధ్యాయులు ఈ విషయమును కంప్యూటరు లేకుండనే బోధింపవచ్చును. విద్యార్థులచేత డెల్టాలోని ఊళ్ళపేర్లను నల్లబల్లపై వ్రాయించి, గుర్తులను లెక్కింపజేయవలెను. గుడివాడకు 7 గుర్తులు, 21 బైటులు. అవనిగడ్డకు 8 గుర్తులు, 24 బైటులు. ఏలయన డకార వత్తునకు విరామచిహ్నమొకటి, డకారమొకటి లెక్కకు వచ్చును. మచిలీపట్నంకు 10 గుర్తులు, 30 బైటులు. పిమ్మట ప్రతి విద్యార్థియు తన పూర్తిపేరును, ఇంటిపేరుతో సహా, ఇట్లే లెక్కించి, పేరుపెట్టెకు ఎన్ని బైటులు ఉంచవలెనో తీర్పు చెప్పవలెను. తరగతిలో అందరికంటె పొడుగుపేరు గల విద్యార్థి ఈ చర్చలో ప్రధాన సాక్షి. కంప్యూటరు గల పాఠశాలలో దీని తరువాత క్రొత్త ప్రాజెక్టు తెరచి, రెండు పెట్టెలు, ఒక మీట అమర్చి, పేరు తెలుగులో వ్రాసినప్పుడు తిరిగి సరిగా కనబడుచున్నదో లేదో పరీక్షింపవచ్చును.

1855నాటి ఆనకట్ట దాదాపు నూరేండ్లు డెల్టాను పోషించెను. దాని స్థానమున బ్యారేజి వచ్చిననాడు పాత కట్టడము పని ముగిసినది గాని, దానినుండి బయలుదేరిన కాలువలు నిలిచినవి. వానిపై ఆధారపడిన ఊళ్ళు నిలిచినవి. తొలినాడు కాలువను సరియైన మట్టమున త్రవ్వినందుననే తలకట్టు మారినను పొలమునకు నీరు ఆగలేదు. కంప్యూటరు ప్రాజెక్టునకును అదియే ధర్మము. కార్యశాలలు వచ్చును, పోవును, సర్వరులు మారును. పౌరుని పేరు, పుట్టినతేదీ మాత్రము మట్టము తప్పక తరువాతి తరమునకు చేరవలెను. ఖాళీ కిటికీ ముందు కూర్చుండిన విద్యార్థి తొలి గంటలో ఆలోచింపవలసినది దీనినే.